నాలుగు పేటల పురుగులు

ఏప్రిల్ వస్తే చాలు, తుర్సునొయ్ ఇంటి గుమ్మం ముందు పొద్దున్నే ఆడవాళ్లు బారులు తీరేవాళ్లు. ఒకామె తలగుడ్డలో కోడిగుడ్లు మూటకట్టి తెచ్చేది, ఇంకొకామె బాతుగుడ్డు. ఎక్కువమంది తెచ్చేవి మాత్రం పట్టుపురుగుల గుడ్లు. సామూహిక వ్యవసాయ క్షేత్రం వాళ్లు ఇంటికో పెట్టె చొప్పున పంచేవాళ్లు, గసగసాలంత సన్నవి. తుర్సునొయ్ తందూరులోంచి రొట్టెలు తీస్తూనే ఎవరేమిచ్చినా పుచ్చుకుని, మెడలో వేలాడే గుడ్డసంచిలో వేసుకుని, ఆ సంచిని అంగీ లోపలికి, గుండెల మధ్యకి తోసుకునేది.

ఆమె ఒంటి వేడికి పిల్ల కాని గుడ్డు ఆ వీధిలో ఎవరూ చూడలేదు. పుంజు మొహం ఎరగని పెట్ట పెట్టినదైనా, నెల్లాళ్లు అటకమీద మర్చిపోయినదైనా సరే. ఒకసారి పక్కింటి రష్యన్ ఆవిడ క్లావ్దియా పండక్కి ఎర్రరంగు వేసి ఉడకబెట్టిన గుడ్డు తినమని చేతిలో పెడితే, తుర్సునొయ్ పరధ్యానంగా దాన్నీ సంచిలో పడేసింది. ఇరవయ్యొక్క రోజులకి ఎర్రటి కోడిపిల్ల బయటికొచ్చింది. "అయ్యో, ఉప్పు అద్దుకుని తింటావనుకున్నానే" అంది క్లావ్దియా.  ఆ పెట్ట నాలుగేళ్లు బతికి బోలెడు గుడ్లు పెట్టింది.

తుర్సునొయ్ కోడలు ఇనోయత్‌కి ఇవన్నీ చూసే తీరిక ఉండేది కాదు. ఆమె ఒక రొట్టె ముక్క నోట్లో పెట్టుకుని, ఒక గిన్నె పచ్చ టీ గొంతులో పోసుకుని, ఏడున్నర బస్సుకి పరిగెత్తేది. మర్గిలాన్ ఊరు దాటి నాలుగు మైళ్లు పోతే మల్బరీ తోటల మధ్య పట్టుపురుగుల ప్రయోగశాల ఉంది. అక్కడ ఆమె పని లెక్కపెట్టడం. పురుగు ఒంట్లోంచి తీసిన పలచటి పొరకి రంగు పట్టించి, సూక్ష్మదర్శినిలో పెట్టి, ఒక్కో కణంలో ఎన్ని క్రోమోజోములున్నాయో లెక్కపెట్టి రాయాలి. ఆవగింజని వెయ్యి ముక్కలు చేసినంత చిన్న చుక్కలు. తొమ్మిదేళ్ల వయసులో సూదిలో దారం ఎక్కించమని అమ్మమ్మలందరూ ఆమెనే పిలిచేవాళ్లు. ఆ చూపే ఆమెకి ఉద్యోగం తెచ్చిపెట్టింది.

ఆ ఉద్యోగం ఇప్పించిన మనిషి అక్కడి శాస్త్రవేత్త ఎస్ఫిర్ దావీదొవ్నా. యుద్ధం రోజుల్లో, ముట్టడిలో ఆకలికి చచ్చిపోతున్న లెనిన్‌గ్రాడ్ నుంచి రైల్లో ఫెర్గానా లోయకి వచ్చిన మనిషి. తిరిగి వెళ్లలేదు. వెళ్తే పలకరించేవాళ్లు అక్కడెవరూ మిగల్లేదు. ఆ చలికాలం ఆమె ఎముకల్లో ఉండిపోయింది. జూన్ ఎండలో కూడా ఉన్ని స్వెట్టరు వేసుకుని, చేతులు చంకల్లో పెట్టుకుని నడిచేది. ఉజ్బెక్ బాగానే మాట్లాడేది కానీ కోపం వస్తే మాత్రం రష్యన్‌లోకి దిగేది.

చేరిన మొదటి రోజునే ఆమె ఇనోయత్ చేతిలో ఒక దారపుముక్క పెట్టి పురి విప్పమంది.

"ఎన్ని పేటలున్నాయి?"

"రెండు, అక్కా."

"ఒక పేట అమ్మది, ఒక పేట నాన్నది. నీలోనూ అంతే, నాలోనూ అంతే. పట్టుపురుగులో పేటకి ఇరవై ఎనిమిది క్రోమోజోములు. రెండు పేటలు కలిపి యాభై ఆరు. మామూలు పురుగు ఇదీ." ఆమె అలమార తలుపు తీసి ఒక తట్ట చూపించింది. అందులో పురుగులు బొటనవేలంత లావుగా, బద్ధకంగా ఆకు మీద పడుకుని ఉన్నాయి. "వీటికి నాలుగు పేటలు. నూట పన్నెండు. వీటికి తండ్రి లేడు. కన్నె సీతాకోక కడుపులోంచి గుడ్లు తీసి సరిగ్గా నలభై ఆరు డిగ్రీల నీళ్లలో పద్దెనిమిది నిమిషాలు ఉంచితే, తల్లి తన పేటలన్నీ కూతురికే దించేస్తుంది. అన్నీ ఆడవే. అన్నీ తల్లి పోలికే."

ఇనోయత్ ఇంటికెళ్లి చెబితే తుర్సునొయ్ పకపకా నవ్వింది. "మగాడి పనే లేదంటావు? నీ మొగుడు ఎర్గష్ చెవిన పడనీకు, పిల్లా. వాడు లారీ ఎక్కి ఎటైనా పోతాడు."

"మరి నాలుగు పేటల దానికి మామూలు మగపురుగుని జతచేస్తే ఏమవుతుంది?" అని ఇంకో రోజు ఇనోయత్ అడిగింది.

"మూడు పేటలది పుడుతుంది. పెద్ద గూడు కడుతుంది, గట్టి దారం ఇస్తుంది. పిల్లలు మాత్రం పుట్టవు" అంది ఎస్ఫిర్. "నాలుగు రొట్టెలు ఇద్దరికి సమంగా పంచుతావు. మూడు పంచాలంటే ఒకటి విరగాలి కదా. అందుకే ఏటా మళ్లీ నాలుగు పేటల తల్లి కావాలి. ఈ తల్లి వరస తెగిందంటే అంతా పోయినట్టే. నాకు దీన్ని నిలబెట్టడానికి ఏడేళ్లు పట్టింది."

ఇనోయత్ మూడేళ్లు ఆ పురుగుల్ని లెక్కపెట్టింది. ఎప్పుడు చూసినా నూట పన్నెండు. ప్రతి కాగితం కింద తన పేరు రాసింది. ఎస్ఫిర్ ఆమెకి పక్కన కుర్చీ వేసి కూర్చోబెట్టుకునేది, తన డబ్బాలోని రొట్టె, జున్ను సగం పెట్టేది. "నా కళ్లు పోతున్నాయి, అమ్మాయ్. ఇక నుంచి నా కళ్లు నువ్వే" అనేది.

ఆ ఏడు జూన్ చివరలో తాష్కెంట్ నుంచి కమిషన్ వస్తానంది. గుడ్లు పగిలే రోజున వచ్చి, పుట్టిన పురుగుల్ని తామే లెక్కపెట్టి చూస్తారట. ఒప్పుకుంటే లోయంతా మూడు పేటల పురుగులే పెంచుతారు. ఎస్ఫిర్ ఏవో కాగితాల కోసం రెండు రోజులు తాష్కెంట్ వెళ్తూ గుడ్లు వేడి చేసే పని ఇనోయత్‌కి అప్పజెప్పింది. వెళ్తూ వెళ్తూ ఒక్క మాటే అంది. "పక్కనే ఉండు. ఆ పొయ్యిని నమ్మకు."

ఇనోయత్ నీళ్ల తొట్టిలో గుడ్ల సంచి దించింది. గడియారం చూసుకుంది. నాలుగు నిమిషాలు కాకముందే పక్క గదిలో పనిచేసే రానో తలుపు తోసుకుని వచ్చింది.

"ఇనోయత్! బస్టాండు దుకాణంలో చెక్ దేశం బూట్లు దింపారు! నీలం రంగువి, పక్కన గుండీలున్నవి! ముప్ఫై ఆరు సైజు రెండు జతలే ఉన్నాయట!"

దుకాణం రోడ్డు దాటితే చాలు. పోయి రావడానికి పది నిమిషాలు. ఉష్ణమాపకం ముల్లు నలభై ఆరు మీద కదలకుండా ఉంది. ఇనోయత్ పరిగెత్తింది.

ముందు పదిహేనుమంది ఉన్నారు. ఇక తన వంతే వచ్చేసింది కదా అనుకుంటూనే నిలబడింది. బూట్లు చేతికొచ్చాక చూసుకుంటే ముప్పావుగంట అయింది. తిరిగొచ్చేసరికి గది కిటికీలకి ఆవిరి పట్టింది. తొట్టి అంచున నీళ్లలో బుడగలు లేస్తున్నాయి. సంచి తీసి గుడ్లు గాజుపలక మీద పోస్తే, ఉడికిన బియ్యపు నూకల్లా తెల్లగా, మెత్తగా ఉన్నాయి. ఆ గుడ్లు పెట్టాల్సిన సీతాకోకల్ని కడుపులు కోసి పొద్దున్నే పారేశారు. నాలుగు పేటల గుడ్డు ఇంకెక్కడా ఒక్కటంటే ఒక్కటి లేదు.

ఆమె కూర్చుంది. లేచింది. తలుపు గడియ పెట్టింది. ఆ తర్వాత చేసిందంతా ఎవరో పక్కన నిలబడి చెబుతున్నట్టుగా చేసింది. పక్క గదిలో మామూలు సీతాకోకలు పెట్టిన గుడ్లు తట్టలకి తట్టలున్నాయి. అందులోంచి అన్నే గుడ్లు తీసి ఎస్ఫిర్ తట్టలో పోసి, ఎస్ఫిర్ చేతిరాతతో ఉన్న చీటీ మీద పెట్టింది. ఉడికిన గుడ్లు రుమాల్లో మూటకట్టి తన సంచి అడుగున కుక్కింది. దారిలో కాలువలో పారేద్దామనుకుంది. బస్సులో అందరూ ఆమె ఒళ్లో ఉన్న బూట్లు చూసి మెచ్చుకుంటుంటే, కాలువ వెళ్లిపోయిందని కూడా గమనించలేదు. ఇంట్లో సంచి మేకుకి తగిలించి, తలనొప్పి అని చెప్పి పడుకుంది.

ఎస్ఫిర్ తిరిగొచ్చింది. తట్ట చూసి "ఎలా జరిగింది?" అంది.

"బాగానే, అక్కా."

పన్నెండు రోజులు. రోజూ ఉదయం బస్సులో చెప్పేద్దామని నిశ్చయించుకునేది. గేటు దగ్గర దిగేసరికి రేపు చెబుదాంలే అనిపించేది. పదమూడో రోజున కమిషన్ వచ్చింది. ముగ్గురు మగవాళ్లు. పెద్దాయనది బట్టతల. గుడ్లు పగిలాయి. ఒక పురుగుని కోసి రంగు పట్టించి బట్టతలాయన సూక్ష్మదర్శినిలో చూశాడు. ఇంకో పురుగుని. ఇంకో దాన్ని. తర్వాత మిగిలిన ఇద్దరూ చూశారు.

"యాభై ఆరు" అన్నాడాయన. "యాభై ఆరే, ఎస్ఫిర్ దావీదొవ్నా. సగం మగవి కూడా."

ఎస్ఫిర్ వంగి తనూ చూసింది. చాలాసేపు తల ఎత్తలేదు.  "పోయినేడు నూట పన్నెండు. అంతకుముందూ నూట పన్నెండే. లెక్కపెట్టింది ఈ అమ్మాయి. ఇదిగో సంతకాలు. అడగండి."

బట్టతలాయన ఇనోయత్ వైపు తిరిగాడు. గొంతు మెత్తగానే ఉంది. "చూడమ్మా. భయపడకు. నువ్వు నీ కళ్లతో చూసి రాశావా, లేక ఆవిడ చెప్పింది రాశావా?"

చూసి రాశానంటే, మరి ఈ ఏడు ఏమైందని అడుగుతారు. ఇనోయత్ కిందికి చూసింది. కాళ్లకి కొత్త బూట్లున్నాయి. పెద్దవాళ్లు వస్తున్నారు వేసుకో అని పొద్దున ఎర్గషే అన్నాడు.

"చెప్పింది రాశాను" అంది.

ఎస్ఫిర్ ఆమె వైపు చూసింది. కోపంగా కాదు. సూక్ష్మదర్శినిలో అర్థంకానిదేదో కనిపిస్తే చూసే చూపు అది. అంతే. స్వెట్టరు బొత్తాలు పెట్టుకుని గదిలోంచి వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం ఇంటి వాకిట్లోనే తుర్సునొయ్ ఎదురొచ్చింది, సంబరంగా.

"ఏమే కోడలా, అంత మతిమరుపైతే ఎలాగే? సంచి అడుగున గుడ్లు మర్చిపోయావు. రుమాల్లో ముద్దలా ఉన్నాయి. ఆ రాత్రే తీసి నా సంచిలో వేసుకున్నా. పొద్దున పుట్టాయి. రా, చూద్దువుగాని, ఎంత లావుగా ఉన్నాయో!"

వెనక గదిలో చాటలో లేత మల్బరీ ఆకు మీద నల్లటి చీమల్లాంటి పురుగులు పాకుతున్నాయి. మామూలు వాటికన్నా రెట్టింపున్నాయి. 

మర్నాడు ఒకదాన్ని అగ్గిపెట్టెలో వేసుకెళ్లి, ఎవరూ లేనప్పుడు లెక్కపెట్టింది. నూట పన్నెండు. మళ్లీ లెక్కపెట్టింది. కమిషన్ వాళ్లు ఇంకా ఊళ్లోనే, డైరెక్టరు గారింట్లో పలావు తింటున్నారు. రోడ్డు మీదికి వెళ్లి ఒక్క కేక వేస్తే చాలు. ఆమె అగ్గిపెట్టె మూసి జేబులో పెట్టుకుంది. నిన్న తప్పు చేసింది, భయంతో. ఈవాళ చేస్తున్నది మాత్రం తెలిసి తెలిసి చేస్తున్నది. ఆ సంగతి ఆమెకి అప్పుడే అర్థమైంది. అయినా చేసింది.

ఎస్ఫిర్‌ని ఉద్యోగంలోంచి తీసేశారు. ఇన్నేళ్లూ దొంగ లెక్కలు రాసిందని గోడపత్రికలో వేశారు. ఆమె పట్టుగూళ్లు కొనే కేంద్రంలో గూళ్లు ఏరే పనికి కుదిరింది. రైతులు తెచ్చిన గూళ్లలో మంచివీ మచ్చవీ వేరుచేసే పని. ఇనోయత్‌ని పెద్ద సహాయకురాలిని చేశారు. ఎస్ఫిర్ కుర్చీ ఆమెకిచ్చారు. ఆ కుర్చీలో ఆమె ఏనాడూ వీపు ఆనించి కూర్చోలేదు. నీలం బూట్లు రానోకి ఇచ్చేసింది. "కాలు కరుస్తున్నాయి" అని చెప్పింది.

ఇంట్లో ఆ పురుగులు పెరిగాయి, గూళ్లు కట్టాయి, సీతాకోకలయ్యాయి. అన్నీ ఆడవే. జత లేకుండానే గుడ్లు పెట్టాయి. వాటిని తుర్సునొయ్ చలికాలమంతా నేలమాళిగలో దాచి, వసంతంలో గుండెల్లో పెట్టుకుంది. మళ్లీ పుట్టాయి. అలా మూడేళ్లు. ఇవి ఏ జాతి, ఎక్కణ్ణుంచి తెచ్చావు అని ముసలామె ఒక్కసారీ అడగలేదు. ఇనోయత్ ఆ గదిలోకి వెళ్లేది కాదు. పురుగులు ఆకు తినే చప్పుడు గోడ అవతల వానలా వినిపిస్తుంటే, తల మీద దిండు పెట్టుకునేది.

మూడో ఏడు ఒక మధ్యాహ్నం తుర్సునొయ్ గాడిద మీద గూళ్ల సంచి వేసుకుని తానే కొనుగోలు కేంద్రానికి వెళ్లింది. తిరిగొచ్చి, గుమ్మంలో కూర్చుని, కాళ్లు రుద్దుకుంటూ చెప్పింది.

"అక్కడొక రష్యన్ ముసలావిడ ఉందే, స్వెట్టరావిడ. నా గూడు ఒకటి తీసి చెవి దగ్గర పెట్టుకుని ఊపింది. అరచేతిలో పెట్టుకుని బరువు చూసింది. ఎవరిల్లు అంది. ఎర్గష్ వాళ్లమ్మని, మా కోడలు ఇనోయత్ అన్నాను.  వెనక్కి తిరిగి కళ్లు తుడుచుకుంది. పాపం, దుమ్ము పడిందేమో."

ఇనోయత్ లేచి వీధిలోకి చూసింది.

ఎస్ఫిర్‌కి తెలిసిపోయింది. అయితే రేపో మాపో మనుషులొస్తారు. వారం చూసింది. నెల చూసింది. ఎవరూ రాలేదు. ఎస్ఫిర్ ఎవరికీ ఏమీ చెప్పలేదు. వచ్చి తిట్టినా, జుట్టు పట్టి లాగినా బాగుండేదనిపించింది ఇనోయత్‌కి. ఆ తర్వాత ఆమె కేంద్రం ఉన్న వీధి తప్పించి, పొలం గట్టు మీంచి చుట్టూ తిరిగి బజారుకి వెళ్లేది.

నాలుగో చలికాలం తుర్సునొయ్‌కి జబ్బు చేసింది. లేచింది కానీ ఒళ్లు చల్లబడిపోయింది. ఏప్రిల్‌లో ఆడవాళ్లు తెచ్చిన గుడ్లు సంచిలో వేసుకుంటే సగానికి సగం కుళ్లిపోయాయి. వాళ్లు మర్యాదగా "పోనీలే, అమ్మా" అని తీసుకెళ్లారు. మర్నాటి నుంచి రావడం మానేశారు. ముసలామె ఇంట్లో సందలి దగ్గర, బల్ల కింద నిప్పుల కుంపటి మీదుగా బొంత కప్పుకుని, రోజంతా కూర్చునేది.

"ఒక్క ఈ గుడ్లే మిగిలాయి, పిల్లా" అంది ఒకరోజు. "నీ రుమాల్లో దొరికిన పురుగులవి. పదిరోజులై నా దగ్గరున్నాయి. కదలడంలేదు. ఇంకో వారం చూస్తే ఎండిపోతాయి."

ఇనోయత్ సంచి వైపు చూసింది. ఎండిపోతే? ఎండిపోతే ఇక లోకంలో నాలుగు పేటలది ఒక్కటీ ఉండదు. ఎస్ఫిర్ చేతిలో పెట్టుకుని చూడటానికి ఒక్క గూడూ ఉండదు. తను చేసిన పని ఎవరికీ, ఎప్పటికీ కనిపించదు. ఒక్క వారం నోరు మూసుకుంటే చాలు. ఆ ఆలోచన తనకి ఎంత హాయిగా అనిపించిందో చూసుకుని ఆమెకి తన మీద అసహ్యం పుట్టింది.

"ఇలా ఇవ్వండి, అత్తమ్మా" అని సంచి తీసుకుని తన మెడలో వేసుకుంది. నాలుగు రోజులు ఒంటికి అదిమి పెట్టుకుని తిరిగింది. జ్వరం వచ్చినట్టు ఒళ్లు కాలిపోతోంది కానీ గుడ్లు మాత్రం పగిలేముందు రావాల్సిన బూడిదరంగుకి కూడా తిరగలేదు. నాలుగో రోజు సాయంత్రం అత్తగారి ముందు కూర్చుని సంచి బల్లమీద పెట్టింది. బూట్ల దగ్గర మొదలుపెట్టి, అగ్గిపెట్టె దాకా చెప్పింది.

 అంతా అయ్యాక తుర్సునొయ్ అడిగింది. "బూట్లకా?"

"బూట్లకే, అత్తమ్మా."

"చెక్ బూట్లకి." ముసలామె తల ఊపింది. "ఇన్నేళ్లు నేను గుండెల్లో పెట్టుకుని కాచింది పరాయి మనిషి బతుకన్నమాట. నా ఇంట్లో దొంగసొత్తు పెట్టి నాతో కాపలా కాయించావు. నువ్వు మంచి కోడలివని వీధంతా చెప్పుకున్నానే నేను." ఆమె బొంత గడ్డం దాకా లాక్కుంది. "లే. పొద్దు పోకముందే వెళ్లు. ఆవిణ్ణి తీసుకురా. కాళ్లే పట్టుకుంటావో, గాడిద మీదే ఎక్కిస్తావో నాకు తెలీదు."

ఎస్ఫిర్ కేంద్రం వెనక చిన్న గదిలో ఉంటోంది. తలుపు తీసి ఇనోయత్‌ని చూసి పక్కకి జరిగింది. కూర్చోమనలేదు. ఇనోయత్ నిలబడే చెప్పింది. రెండోసారి చెప్పడం తేలికవుతుందనుకుంది. కాలేదు.

"గూడు పట్టుకున్న రోజే తెలుసు" అంది ఎస్ఫిర్. "అంత బరువు ఇంకే పురుగూ కట్టదు. నువ్వు వస్తావని అప్పటినుంచి చూస్తున్నాను. మొదట్లో రోజూ చూశాను."

"తాష్కెంట్‌కి ఉత్తరం రాస్తాను, అక్కా. అంతా రాస్తాను. నన్ను ఏం చేసినా సరే."

వద్దులే అంటుందేమోనని లోపలెక్కడో చిన్న ఆశ. ఎస్ఫిర్ సొరుగులోంచి కాగితం, కలం తీసి బల్లమీద పెట్టింది.

"రాయి."

ఆమె చూస్తుండగానే ఇనోయత్ రాసింది. కవరు అంటించి దారిలో తపాలా పెట్టెలో తనే వేసింది. డబ్బాలో అది పడ్డ చప్పుడు వినిపించాక గానీ ఎస్ఫిర్ అడుగు ముందుకు వెయ్యలేదు.

ఇంట్లో తుర్సునొయ్ ఆమెని ఎగాదిగా చూసింది. చెయ్యి పట్టుకుని చూసింది. "నీ చేతులు నా చేతులకన్నా అన్యాయంగా ఉన్నాయే చెల్లెమ్మా! మంచుగడ్డలు!"

"నలభై రెండో సంవత్సరం చలికాలం నుంచీ ఇంతే, అక్కయ్యా" అంది ఎస్ఫిర్.

"రా. ఇటు బొంతలోకి రా. ఒకళ్ల వేడి చాలదు, ఇద్దరం ప్రయత్నిద్దాం."

అలా ఇద్దరు ముసలివాళ్లు సందలి దగ్గర ఒకే బొంత కింద, భుజానికి భుజం ఆనించుకుని, మధ్యలో గుడ్లసంచి పెట్టుకుని కూర్చున్నారు. ఎనిమిది రోజులు. ఎస్ఫిర్ మధ్యమధ్యలో సంచిలో ఉష్ణమాపకం పెట్టి చూసి అంకె రాసుకునేది. తుర్సునొయ్ అదేమిటని అడిగి, చెప్పాక "దానికేం తెలుసు" అనేది. ఇనోయత్ టీ కాచి తెచ్చేది, నిప్పులు మార్చేది, రొట్టె విరిచి పెట్టేది. తను గదిలోకి వస్తే మాటలు ఆగిపోయేవి. బయటికి వెళ్లగానే మళ్లీ మొదలయ్యేవి. ఒకసారి వంటింట్లో ఉండగా ఇద్దరూ గట్టిగా నవ్వడం వినిపించింది. ఎస్ఫిర్ నవ్వు విని నాలుగేళ్లయింది. ఇనోయత్ పొయ్యి ముందు కూర్చుని, పొగ వంకతో ఏడ్చింది.

తొమ్మిదో రోజు పొద్దున తుర్సునొయ్ పిలిచింది. సంచి నిండా నల్లటి పురుగులు కదులుతున్నాయి. ఎస్ఫిర్ బుగ్గలు ఎర్రగా ఉన్నాయి. స్వెట్టరు విప్పి పక్కన పడేసి ఉంది. తుర్సునొయ్ మాత్రం పెదవులు నీలంగా, రాయిలా చల్లగా అయిపోయింది. ఆ తర్వాత ఆమె ఒంట్లో మళ్లీ వేడి పుట్టలేదు. మే నెల ఎండలో వాకిట్లో కూర్చోబెట్టినా వణికేది.

"మీ వేడంతా నా మూలంగా పోయింది" అంది ఇనోయత్ ఆమె కాళ్లకి ఉన్ని మేజోళ్లు తొడుగుతూ.

"నా వేడి నా ఇష్టం" అంది ముసలామె. "అన్నీ నీ మూలంగానే అనుకోకు. అదీ ఒక గర్వమే."

కమిషన్ మళ్లీ వచ్చింది. అదే బట్టతలాయన, ఈసారి చేతికర్రతో. ఇనోయత్ ఉత్తరం మడతలు విప్పి బల్లమీద పెట్టుకుని మూడుసార్లు లెక్కపెట్టాడు. నూట పన్నెండు. లేచి నిలబడి ఎస్ఫిర్‌కి చెయ్యి చాచాడు. ఆమె కాసేపు ఆ చేతిని అలాగే ఉండనిచ్చి, తర్వాత పట్టుకుంది. ఆ వారమే ఆమె ఉద్యోగం ఆమెకి తిరిగిచ్చారు, గోడపత్రికలో ఆమె పేరు మళ్లీ వచ్చింది. దాని కిందే ఇనోయత్ పేరు కూడా వచ్చింది, ఏం చేసిందో, ఎందుకు చేసిందో అన్నిటితో సహా. అందరి ముందూ నిలబెట్టి చదివారు. రానో తల వంచుకుని కూర్చుంది. బూట్ల మాట వచ్చినప్పుడు వెనక వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. ఇనోయత్ ఉద్యోగం పోయింది.

"నాకు ముందే చెప్పి ఉండొచ్చుగా" అన్నాడు ఎర్గష్ ఇంటికొచ్చాక.

"చెబితే ఏం చేసేవాడివి?"

 లారీ నడిపే మనిషి, అబద్ధం ఆడలేడు. "దాచేసేవాణ్ణి" అన్నాడు.

మూడు రోజుల తర్వాత ఎస్ఫిర్ ప్రయోగశాల బండి తీసుకుని తట్టల కోసం వచ్చింది. తుర్సునొయ్ పక్కన కూర్చుని ఆమె చేతులు తన చేతుల్లో పెట్టుకుని రుద్దింది. ఇనోయత్ పురుగుల తట్టలు ఒక్కొక్కటే మోసి బండిలో పెట్టింది. ఆఖరి తట్ట పెట్టాక ఎస్ఫిర్ ఎక్కబోతూ ఆగింది.

"నిన్ను క్షమించానా అని అడగకు. నాకే తెలీదు. కొన్ని రోజులు అవుననిపిస్తుంది, కొన్ని రోజులు నీ మొహం చూడాలనిపించదు."

"అడగను, అక్కా."

"లెక్కపెట్టే పనికి కొత్త అమ్మాయిని తీసుకున్నాను. ఆకు కోసేవాళ్లు మాత్రం చాలడంలేదు. ఇవి రోజుకి అయిదుసార్లు తింటాయి." ఆమె బండి ఎక్కి తలుపు వేసుకుంది. "తెల్లవారి ఆరింటికి."

ఇనోయత్ అయిదున్నరకే వెళ్లింది. చీకటి విడీ విడగానే తోటలో అడుగుపెట్టి, కొడవలితో కొమ్మలు దించి, మోపు కట్టి, భుజాన వేసుకుని ప్రయోగశాల మెట్ల దగ్గరికి తెచ్చింది. కొమ్మలు గీసుకుని ముంజేతులు మండుతున్నాయి. ఎస్ఫిర్ బయటికొచ్చి, మోపులోంచి ఒక ఆకు తెంపి, రెండు వేళ్ల మధ్య నలిపి చూసింది.

"మంచు తడి ఉంది. ఇలా పెడితే చస్తాయి. తుడిచి తీసుకురా."

ఆమె లోపలికి వెళ్లిపోయింది. ఇనోయత్ మెట్టు మీద కూర్చుంది. తలగుడ్డ విప్పి ఒళ్లో పరుచుకుని, మొదటి ఆకు తీసుకుని, ముందు వైపు తుడిచి, తిప్పి వెనక వైపు తుడిచి, పక్కన పెట్టింది. తర్వాత రెండోది. మోపులో ఆకులు వేలకి వేలున్నాయి. ఎండ మెట్ల మీదికి వచ్చేసరికి సగమైనా కాలేదు. ఆమె లేవలేదు, తొందరపడలేదు, ఒక్క ఆకునీ వదలలేదు.